మిస్టరీ షాపింగ్: ప్రవేశం, పని, సంపాదన

మామూలు కొనుగోలుదారుగా దుకాణానికో, హోటల్‌కో, బ్యాంకుకో వెళ్లి, అక్కడ జరిగింది జరిగినట్టు గమనించి, ఇంటికొచ్చి యాజమాన్యానికి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చే పనిని మిస్టరీ షాపింగ్ అంటారు. ఆ పని చేసే వ్యక్తి మిస్టరీ షాపర్. వచ్చినది ఎవరో, ఎందుకొచ్చారో కౌంటర్ దగ్గరున్నవాళ్లకు తెలియకూడదన్నది ఇందులో మొదటి నియమం. సాధారణంగా సంస్థలు షాపర్లను నేరుగా పెట్టుకోవు. మధ్యలో ఏజెన్సీ ఉంటుంది. షాపర్‌కు జీతం, సెలవులు, బీమా ఏవీ ఉండవు. పనికింత అని తీసుకునే స్వతంత్ర కాంట్రాక్టరు మాత్రమే.

'షాపింగ్ చేస్తే ఎదురు డబ్బులిస్తారట' అన్న మాట విని ఈ పనిలోకి వచ్చేవాళ్లే ఎక్కువ. నిజానికి డబ్బిచ్చేది రాసినందుకు. కొనడం పావుగంట పని, రాయడం ముప్పావుగంట పని. ఈ లెక్క ముందుగా తెలిసినవాళ్లకు ఇది చిన్నపాటి పక్క ఆదాయం; తెలియనివాళ్లకు రెండు మూడు నెలల సరదా. ఈ రంగం పుట్టి పెరిగింది అమెరికాలో కాబట్టి ఈ వ్యాసం ప్రధానంగా అక్కడి పద్ధతులనే వివరిస్తుంది. భారతదేశంలోని పరిస్థితికి విడిగా ఒక భాగం ఉంది.

పుట్టుక

వేషం మార్చి నిజం రాబట్టడం పాలకులకు పాత విద్యే. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో సమాహర్త అనే రాబడి అధికారి విధుల్లో ఇదొకటి. గృహస్థుల వేషంలో చారులను పంపి గ్రామాల్లో పొలాల, ఇళ్ల లెక్కలు సరిచూసుకోవాలి. వర్తకుల వేషంలో ఉన్నవాళ్ల చేత రాజ్యంలో తయారయ్యే సరుకుల పరిమాణం, ధరలు కనిపెట్టించాలి. కింది అధికారి రాసిన అంకె, నేల మీదున్న అంకె ఒకటేనా అన్నదే అక్కడ ప్రశ్న. నేటి ఏజెన్సీల ప్రశ్నపత్రంలోనూ సారాంశం అదే.

వ్యాపారంలో ఈ పద్ధతి అమెరికా రైళ్లలో కనిపించింది. 19వ శతాబ్దం మధ్యలో రైల్లో టికెట్ డబ్బు కండక్టర్ల చేతుల మీదుగా పోయేది. అందులో కొంత వాళ్ల జేబుల్లోకి పోతోందని కంపెనీల అనుమానం. 1855లో షికాగోలో ప్రైవేట్ డిటెక్టివ్ ఎలన్ పింకర్టన్ రైలు కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకుని, ప్రయాణికుల్లా కూర్చుని కండక్టర్లను కనిపెట్టే మనుషులను బోగీల్లో పెట్టాడు. వాళ్లను స్పాటర్లు అనేవారు. రైల్వే కార్మికులకు వాళ్లంటే ఒళ్లుమంట. ఆ మంట ఈ వృత్తిని ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

20వ శతాబ్దం తొలి దశకాల్లో బ్యాంకులు, దుకాణాలు కూడా గల్లాపెట్టె దొంగతనాలు పట్టుకోవడానికి ఇలాంటి మనుషులనే వాడుకున్నాయి. 1940ల్లో విల్‌మార్క్ అనే సంస్థ దీనికి మిస్టరీ షాపింగ్ అన్న పేరు తగిలించింది. 1970, 80 దశకాల్లో షాప్ ఎన్ చెక్ వంటి ఏజెన్సీల కాలానికి దృష్టి దొంగతనం మీది నుంచి మర్యాద మీదికి మళ్లింది. అందుకు కారణం ఫ్రాంచైజీలు. ఒకే బోర్డు కింద వేల దుకాణాలు, ఒక్కోదానికి ఒక్కో యజమాని. ఎక్కడో ఒక ఊళ్లో బాత్‌రూమ్ కంపు కొడితే పేరు పోయేది మొత్తం బ్రాండ్‌ది. ప్రధాన కార్యాలయం ప్రతిచోటికీ మనిషిని పంపలేదు. పంపినా ఆ మనిషిని చూడగానే అందరూ సర్దుకుంటారు. అందుకే ఆ ఊళ్లోనే ఉండే అనామక కొనుగోలుదారు అవసరమయ్యాడు. 1990ల చివర్లో ఇంటర్నెట్ విస్తరించడంతో ఉత్తరాల్లో నడిచే ప్రశ్నపత్రాలు వెబ్‌సైట్లకు ఎక్కాయి. 1998లో ఏజెన్సీల సంఘం ఎంఎస్‌పీఏ ఏర్పడింది. ఇప్పుడు దీనికి అమెరికా ఖండాలు, యూరప్-ఆఫ్రికా, ఆసియా-పసిఫిక్ శాఖలున్నాయి.

పని ఎలా సాగుతుంది

బర్గర్ దుకాణంలో డ్రైవ్-త్రూ పని తీసుకుందాం. షాపర్లు ఎక్కువగా మొదలుపెట్టేది దీంతోనే. ఏజెన్సీ వెబ్‌సైటులో పని ఒప్పుకోగానే నాలుగైదు పేజీల సూచనలు వస్తాయి. ఫలానా తేదీల మధ్య, మధ్యాహ్న భోజన వేళలోనే వెళ్లాలి. ఒక మీల్, ఒక అదనపు ఐటమ్ కొనాలి. కూపన్ వాడకూడదు. కారులో పిల్లలుండొచ్చు, గోల చేయకూడదు. స్పీకర్ దగ్గర ఆర్డర్ చెప్పడం పూర్తయిన క్షణం నుంచి సంచీ చేతికొచ్చేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడపాలి. ఆ ఫోన్ కిటికీ దగ్గరున్న అమ్మాయికి కనిపించకూడదు.

కిటికీ దగ్గర చూడాల్సినవి చాలా ఉంటాయి. పలకరించారా? ఏ మాటలతో? అదనంగా ఏదైనా తీసుకోమని సూచించారా? చిల్లర లెక్కపెట్టి ఇచ్చారా? బ్యాడ్జీ మీద పేరేంటి? బ్యాడ్జీ లేకపోతే జుట్టు రంగు, ఎత్తు, కళ్లద్దాలున్నాయా లేదా. తర్వాత కారు పక్కకు ఆపి, ముద్ద నోట్లో పెట్టకముందే ఫోటోలు తీయాలి: బర్గర్ విప్పి ఒకటి, ఫ్రెంచ్ ఫ్రైస్ నిండుగా ఉన్నాయో లేదో కనబడేలా ఒకటి, రసీదు ఒకటి. కొన్ని పనుల్లో ఆ తర్వాత లోపలికి వెళ్లి బాత్‌రూమ్ కూడా చూడాలి. సబ్బు ఉందా, చెత్తబుట్ట పొంగిపొర్లుతోందా, తలుపు గొళ్లెం పడుతోందా. ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలి, అక్కడ నిలబడి రాసుకోకూడదు. అనుభవం ఉన్నవాళ్లు ఫోన్‌లో ఎవరికో మెసేజ్ పెడుతున్నట్టు నటిస్తూ తమకు తామే రాసుకుంటారు. ఇంకొందరు కారులోకి రాగానే గొంతు రికార్డు చేసుకుంటారు.

రసీదు పోతే ఆ పని పోయినట్టే. సమయం, తేదీ, కొన్న వస్తువు, దుకాణం నంబరు అన్నిటికీ రుజువు ఆ చిన్న కాగితమే. అది లేకుండా ఎంత చక్కగా రాసినా ఏజెన్సీ డబ్బివ్వదు, ఖర్చయినదీ తిరిగి రాదు.

నివేదిక సాధారణంగా ఆ రోజు రాత్రికో, 24 గంటల్లోనో పంపాలి. అవును-కాదు ప్రశ్నలు డజన్ల కొద్దీ ఉంటాయి, ఆపైన వివరణ. కొత్తవాళ్లు దెబ్బతినేది ఈ వివరణలోనే. 'సిబ్బంది మొరటుగా ఉన్నారు' అని రాస్తే ఎడిటర్ వెనక్కి పంపుతారు. 'నేను కౌంటర్ దగ్గరికి వెళ్లాక నిమిషం సేపు ఆమె ఫోన్ చూస్తూ ఉంది. తల ఎత్తకుండానే ఏం కావాలని అడిగింది' అని రాస్తే ఒప్పుకుంటారు. అభిప్రాయం తీసేసి జరిగిన సంగతి మాత్రమే మిగిల్చడం అలవాటవడానికి కొన్ని నివేదికలు పడుతుంది. అంకెలు తప్పితే, ఒక ప్రశ్నకు అవునని వివరణలో కాదని రాస్తే, మార్కులు కోస్తారు. చాలా ఏజెన్సీలు వాడే సాసీ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి నివేదికకూ పదికి ఇన్ని అని మార్కులు పడతాయి. మంచి పనులు ఎవరికి ముందుగా దక్కాలన్నది ఆ సగటును చూసే తేలుస్తారు.

పని రకాలు అనేకం. అపార్ట్‌మెంట్ అద్దెకు కావాలంటూ వెళ్లి లీజింగ్ ఏజెంటును పరీక్షించడం, బ్యాంకులో ఖాతా గురించి అడగడం, కారు టెస్ట్ డ్రైవ్, కళ్లజోళ్ల దుకాణం, ఫోన్ చేసి ఎన్ని రింగులకు ఎత్తారో చూడడం. చొక్కా గుండీలో కెమెరా పెట్టుకుని చేసే వీడియో పనులకు డబ్బు ఎక్కువ. కానీ కాలిఫోర్నియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో ఎదుటివారి అనుమతి లేకుండా మాటలు రికార్డు చేయడం మీద కఠినమైన ఆంక్షలున్నాయి కాబట్టి అవి అన్నిచోట్లా దొరకవు. మద్యం దుకాణాల్లో వయసు పరీక్ష మరో తరహా. చట్టబద్ధ వయసు 21 దాటి, చూడ్డానికి చిన్నగా కనిపించే షాపర్ బీరు కొనబోతాడు. గుర్తింపు కార్డు అడిగిన ఉద్యోగికి అక్కడికక్కడే పచ్చ కార్డు, అడగని ఉద్యోగికి ఎర్ర కార్డు చేతిలో పెడతాడు. ఈ వృత్తిలో ముసుగు తీసే సందర్భాల్లో ఇదొకటి.

చేరడం

చదువు, డిగ్రీ అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాయగలగాలి. ఫోన్, ఈమెయిల్, బ్యాంకు లేదా పేపాల్ ఖాతా ఉండాలి. అమెరికా ఊళ్లలో బస్సులు అంతంతమాత్రం కాబట్టి కారు లేకుండా పెద్దగా సాగదు. ఏజెన్సీ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకునేటప్పుడు ఒక చిన్న రాత పరీక్ష పెడతారు: ఈమధ్య మీకెదురైన మంచి సేవ గురించి ఒక పేరా, చెడ్డ సేవ గురించి ఒక పేరా. దరఖాస్తులో అసలు చదివేది దాన్నే. నమోదు ఉచితం. ఎవరైనా ఫీజు అడిగితే అక్కడితో ఆగిపోవాలి.

ఒక్క ఏజెన్సీతో పని నడవదు. ఒక దుకాణానికి ఒకసారి వెళ్లాక నెల, రెండు నెలలు, ఒక్కోసారి మూడు నెలల దాకా మళ్లీ అక్కడికి పంపరు, సిబ్బంది ముఖం గుర్తుపడతారని. అందుకని పాతికా ముప్ఫై ఏజెన్సీల్లో పేరు పెట్టుకోవడం ఈ రంగంలో మామూలే. మార్కెట్ ఫోర్స్, బెస్ట్‌మార్క్, ఇంటెల్లీషాప్, 1987లో వర్జీనియాలో మొదలైన బేర్ ఇంటర్నేషనల్ వంటివి చాలాకాలంగా ఉన్నవి. హోటళ్లకు, రిసార్టులకు కోయల్ హాస్పిటాలిటీ పేరున్నది, కానీ అక్కడ పేజీలకు పేజీలు రాయగలిగినవాళ్లకే ప్రవేశం. ఎంఎస్‌పీఏ సర్టిఫికెట్లు కూడా ఇస్తుంది. అవి తప్పనిసరి కావు. మొదటి నెలలోనే డబ్బు పెట్టి తీసుకోవాల్సిన అవసరం కనబడదు. పది నివేదికలకు మంచి మార్కులు తెచ్చుకుంటే అంతకంటే గట్టి సిఫార్సు లేదు. నెవాడాలో మాత్రం ఈ పని ప్రైవేట్ డిటెక్టివ్‌ల చట్టం కిందికి వస్తుంది కాబట్టి అక్కడ విడిగా నమోదు ఉంటుంది.

పనులు పంచేవాళ్లను షెడ్యూలర్లు అంటారు. మొదట్లో వచ్చేవి ఎవరూ తీసుకోని పనులే: దూరంగా ఉన్న పెట్రోలు బంకు, ఆదివారం సాయంత్రం పిజ్జా. ఒప్పుకున్న పనిని చివరి నిమిషంలో ఎగ్గొట్టే షాపర్ పేరు షెడ్యూలర్లు మరచిపోరు. నెలాఖరున ఎవరూ వెళ్లని దుకాణం మిగిలిపోయి, 'ఈరోజు వెళ్లగలరా, బోనస్ ఇస్తాం' అని మెయిల్ పెట్టినప్పుడు సరేనన్నవాళ్ల పేరూ మరచిపోరు.

గిట్టుబాటు

అమెరికాలో సాధారణ సందర్శనకు ఎనిమిది నుంచి పాతిక డాలర్లు, ఫోన్ పనికి ఐదు నుంచి పది, వీడియో పనికి యాభై పైన ఉంటుంది. ఖరీదైన రెస్టారెంట్లలో చాలావాటికి ఫీజు ఉండదు, బిల్లు మాత్రం ఫలానా పరిమితి దాకా తిరిగిస్తారు. డబ్బు చేతికి రావడానికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది. అంటే ముందు మన జేబులోంచే పెట్టుకోవాలి. క్రెడిట్ కార్డు మీద వడ్డీ పడుతున్నవాళ్లకు ఇది పనికొచ్చే బేరం కాదు.

ఉదాహరణకు ఎనిమిది డాలర్ల ఫీజు, భోజనం ఖర్చు తిరిగి వచ్చే బర్గర్ పని. సూచనలు చదవడానికి పావుగంట, రానుపోను అరగంట, అక్కడ ఇరవై నిమిషాలు, నివేదికకు ముప్పై ఐదు నిమిషాలు. మొత్తం గంటా నలభై నిమిషాలు. గంటకు ఐదు డాలర్లు కూడా పడలేదు. 2009 నుంచి కదలని సమాఖ్య కనీస వేతనం 7.25 డాలర్ల కంటే ఇది తక్కువ. రానుపోను 12 మైళ్లనుకుంటే, పన్ను శాఖ 2025కు ఒప్పుకున్న మైలుకు 70 సెంట్ల చొప్పున కారు ఖర్చే 8.40 డాలర్లు. కాగితం మీద నలభై సెంట్ల నష్టం, కడుపులో ఒక బర్గర్.

ఇదే పనిని గిట్టుబాటు చేసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఒక్క దుకాణం కోసం కారు తీయరు. ఒకే మాల్‌లో బట్టల దుకాణం, ఫోన్ల దుకాణం, ఫుడ్ కోర్టు. దారిలో రెండు పెట్రోలు బంకులు. ఎలాగూ మార్చుకోవాల్సిన ఇంజన్ ఆయిల్, అదీ షాపింగ్ పని మీదే. అలా ఐదారు పనులు ఒక మధ్యాహ్నంలో కలిపితే దారి ఖర్చు అన్నిటికీ పంచుకుపోతుంది. ఒకే బ్రాండ్ ప్రశ్నపత్రం మళ్లీ మళ్లీ చేస్తుంటే నివేదికకు పట్టే సమయం సగానికి పడుతుంది. దీని మీదే బతికేవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్లు రాష్ట్రాలు దాటి వారాల తరబడి కారులో తిరిగేవాళ్లు. అది సంచార జీవితం. మిగిలినవారికి కారు సర్వీసు, పిల్లల కళ్లజోడు, పెళ్లిరోజు భోజనం ఖర్చు లేకుండా గడిచిపోవడమే అసలు లాభం. నెల జీతంలా లెక్కేసుకుని ఉద్యోగం మానేసిన వాళ్ల ఇంట్లో మాత్రం పొయ్యి వెలగదు.

మోసాలు

మిస్టరీ షాపింగ్ పేరు విన్నవాళ్లలో చాలామందికి అది మోసాల వల్లే తెలుసు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏళ్లుగా హెచ్చరిస్తున్న పద్ధతి ఒకటుంది. అడగకుండానే ఒక ఉత్తరమో, మెయిలో, మెసేజో వస్తుంది: మిమ్మల్ని షాపర్‌గా ఎంపిక చేశాం. వెంట రెండు మూడు వేల డాలర్ల చెక్కు. చూడ్డానికి అసలు బ్యాంకు కాషియర్స్ చెక్కులాగే ఉంటుంది. దాన్ని మీ ఖాతాలో వేసుకోండి, మూడు వందలు మీ ఫీజు ఉంచుకోండి, మిగిలిన డబ్బుతో ఫలానా దుకాణంలో గిఫ్ట్ కార్డులు కొనండి, వాటి వెనకున్న నంబర్లు గీకి ఫోటో పంపండి. మీరు పరీక్షించాల్సింది ఆ దుకాణం సేవను. లేదా డబ్బు బదిలీ కౌంటర్‌కు వెళ్లి ఫలానా పేరుకు పంపండి, అక్కడి సిబ్బంది ఎలా మాట్లాడారో రాయండి.

ఈ మోసం పారడానికి కారణం బ్యాంకు నిబంధనలో ఉన్న సందు. చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లో ఆ సొమ్మును ఖాతాదారు వాడుకోనివ్వాలని అమెరికా చట్టం. చెక్కు నకిలీదని తేలడానికి మాత్రం వారాలు పట్టవచ్చు. ఖాతాలో డబ్బు కనబడగానే చెక్కు మంచిదేనని నమ్ముతారు. గిఫ్ట్ కార్డు నంబర్లు వెళ్లిపోయాక, ఒకరోజు బ్యాంకు ఆ మొత్తాన్ని వెనక్కి తీసుకుంటుంది. ఆ అప్పు ఖాతాదారుదే. మోసగాళ్లు నిజమైన ఏజెన్సీల పేర్లు, లోగోలే వాడుకుంటారు కాబట్టి పేరు వెతికి చూసుకున్నా చాలదు. ఆ ఏజెన్సీ వెబ్‌సైటులోకి మనమే వెళ్లి, మన ఖాతాలో ఆ పని ఉందో లేదో చూడాలి. నిజమైన ఏజెన్సీ ఏదీ పనికి ముందు చెక్కు పంపదు. ఈ ఒక్క గుర్తు చాలు.

మన దేశంలో ఈ మోసానికి వేషం వేరు. 'హోటళ్లకు రేటింగ్ ఇవ్వండి, రోజుకు మూడు వేలు సంపాదించండి' అని వాట్సాప్‌లో మొదలై టెలిగ్రామ్ గ్రూపులోకి లాగుతారు. మొదటి రెండు మూడు పనులకు నూటయాభై, రెండొందలు నిజంగానే వేస్తారు. తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అంటూ మన చేత డబ్బు కట్టిస్తారు. స్క్రీన్ మీద లాభం పెరుగుతుంటుంది, తీసుకోబోతే పన్ను కట్టమంటారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా ఇందులో లక్షలు పోగొట్టుకున్నారు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయడం, జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడం ముఖ్యం. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము ఖాతాల వెంట ఖాతాలు దాటిపోతుంది.

పన్ను, వీసా

అమెరికాలో ఈ ఆదాయం మొదటి డాలరు నుంచీ పన్నుకు లోబడినదే. ఒక ఏజెన్సీ ఏడాదిలో 600 డాలర్లు లేదా అంతకు మించి ఇస్తే 1099-ఎన్ఈసీ ఫారం పంపాలన్నది 2025 దాకా ఉన్న నియమం. 2026 చెల్లింపుల నుంచి ఆ హద్దు 2,000 డాలర్లకు పెరిగింది. ఫారం రాకపోతే ఆదాయం చూపనక్కర్లేదనుకోవడం పొరపాటు. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలితే 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా ఉంటుంది. అందుకే మైళ్ల లెక్క రాసుకునే పుస్తకం ఈ వృత్తిలో రసీదంత విలువైనది.

అమెరికాలోని తెలుగు విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. 'ఇది ఉద్యోగం కాదు కదా, ఫ్రీలాన్స్' అని స్నేహితులు చెప్పే మాట చట్టం ముందు నిలవదు. ఎఫ్-1 వీసా మీదున్నవారు అనుమతి లేకుండా క్యాంపస్ బయట డబ్బు కోసం చేసే పని ఏదైనా నిషిద్ధమే. స్వతంత్ర కాంట్రాక్టరుగా చేసినా అంతే. హెచ్-1బీ వారు స్పాన్సర్ చేసిన యజమానికి తప్ప వేరేవాళ్లకు పని చేయకూడదు. హెచ్-4 మీదున్న భార్య లేదా భర్త పని అనుమతినిచ్చే ఈఏడీ కార్డు చేతికొచ్చాకే మొదలుపెట్టాలి. ఎనిమిది డాలర్ల బర్గర్ పని ఒకటి పన్ను రికార్డులో మిగిలిపోయి, గ్రీన్ కార్డు దరఖాస్తులో ప్రశ్నగా ఎదురైతే, దానికి లాయరుకిచ్చే ఫీజు ముందు ఈ సంపాదన ఏ మూలకూ రాదు.

భారతదేశంలో

బేర్ ఇంటర్నేషనల్ భారత శాఖ, ఫ్లోర్‌వాక్, ఆనియన్ ఇన్‌సైట్స్ వంటి ఏజెన్సీలు ఇక్కడ పని చేస్తున్నాయి. కార్ల, బైకుల షోరూములు, నగల దుకాణాలు, మొబైల్ దుకాణాలు, పిజ్జా చైన్లు, బ్యాంకులు వీటి ఖాతాదారులు. ఒక సందర్శనకు కొన్ని వందల రూపాయలు, కొన్న వస్తువుకు పరిమితి మేరకు ఖర్చు ఇస్తారు. పాన్ ఇవ్వకపోతే టీడీఎస్ ఎక్కువ శాతం కోత పడుతుంది కాబట్టి నమోదులోనే ఇవ్వడం మేలు. నగరాల్లో విద్యార్థులు, గృహిణుల పోటీ ఎక్కువ. జిల్లా కేంద్రాల్లో పనులు తక్కువే అయినా చేసేవాళ్లూ తక్కువే. నివేదిక ఇంగ్లీషులో అడుగుతారు గానీ షోరూములో మాట్లాడేది తెలుగులోనే. సేల్స్‌మన్ అన్న మాటను అర్థం చెడకుండా ఇంగ్లీషులో పెట్టగలగడం ఇక్కడ అదనపు అర్హత.

చట్టంలో కూడా దీనికి చోటుంది. జీఎస్టీ చట్టం 67వ సెక్షన్ 12వ ఉపసెక్షన్ ప్రకారం, కమిషనర్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి ఎవరినైనా కొనుగోలుదారుగా దుకాణానికి పంపి, బిల్లు ఇస్తున్నారో లేదో పరీక్షించవచ్చు. కొన్న వస్తువు తిరిగిచ్చాక వ్యాపారి ఆ డబ్బు వాపసు చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర జీఎస్టీ చట్టాల్లోనూ ఇదే నిబంధన ఉంది. లింగ నిర్ధారణ పరీక్షలు చేసే స్కానింగ్ కేంద్రాలను పట్టుకోవడానికి గర్భిణులను డెకాయ్‌లుగా పంపడం ఇంకో రూపం. అయితే అక్కడ వెళ్లే మనిషి తర్వాత కోర్టులో సాక్షి కావాల్సి వస్తుంది. మామూలు షాపర్‌కు ఉండే అజ్ఞాతం ఆమెకు ఉండదు.

పరిశోధకులు ఈ పద్ధతితో మన దేశంలో తేల్చిన విషయాలు వ్యాపార నివేదికల కంటే చాలా లోతైనవి. మోనికా హలన్, రేణుకా సానే మనుషులను పన్ను ఆదా పథకాల గురించి అడగమని ఢిల్లీలో బ్యాంకు శాఖలకు పంపారు. ప్రైవేటు బ్యాంకులు బీమా పాలసీల వైపు, ప్రభుత్వ బ్యాంకులు తమ సొంత డిపాజిట్ల వైపు నెట్టాయి. అడిగితే తప్ప వివరాలు బయటికి చెప్పలేదు. జిష్ణు దాస్ బృందం శిక్షణ పొందిన నకిలీ రోగులను ఢిల్లీ, మధ్యప్రదేశ్ వైద్యుల దగ్గరికి పంపింది. 2016లో వచ్చిన వారి అధ్యయనంలో ఒక డాక్టరు ప్రభుత్వ ఆస్పత్రిలో చూసినప్పటి కంటే తన సొంత క్లినిక్‌లో చూసినప్పుడు ఎక్కువ శ్రద్ధ పెట్టినట్టు తేలింది. ముంబై, పాట్నాల్లో ఇదే తరహాలో జరిగిన క్షయ అధ్యయనంలో సరైన పద్ధతిలో వైద్యం నడిచింది మూడో వంతుకు కాస్త పైన సందర్భాల్లోనే.

విమర్శలు, మార్పులు

మోసపుచ్చి కొలవడం న్యాయమేనా అన్న ప్రశ్న ఈ రంగాన్ని వెంటాడుతూనే ఉంది. ఇలాంటి తనిఖీ ఉంటుందని సిబ్బందికి ముందే తెలియజేయాలని, ఒకరిని ఉద్యోగంలోంచి తీసేయడానికి ఇదొక్కటే ఆధారం కాకూడదని మార్కెట్ పరిశోధన సంఘాల మార్గదర్శకాలు చెబుతాయి. ఆచరణ ఏజెన్సీని బట్టి ఉంటుంది. ఒక్కసారి వెళ్లి వచ్చిన మనిషి కళ్లకు కనబడింది ఆ దుకాణం మొత్తానికి అద్దం పట్టదన్న వాదనా బలమైనదే. జ్ఞాపకం సంగతి మరీ. చూసేటప్పుడు, గుర్తుపెట్టుకునేటప్పుడు, తిరిగి తలచుకునేటప్పుడు ఎక్కడెక్కడ పొరపాట్లు దూరతాయో 1997లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వ్యాసంలో విడమరిచారు. నివేదిక అదే రోజు రాయమని ఏజెన్సీలు పట్టుబట్టేది ఊరికే కాదు.

ఇక సాంకేతికత పనిని ముక్కలు చేసింది. 2010లో మొదలైన ఫీల్డ్ ఏజెంట్ వంటి యాప్‌లు షెల్ఫ్ ఫోటో తీసి పంపితే కొన్ని డాలర్లు ఇస్తాయి. రాత లేదు, ఎడిటర్ లేడు. రసీదు కింద సర్వే లింకు ముద్రించి అసలు కొనుగోలుదారుల్నే అడిగే సంస్థలు పెరిగాయి. చవకగా తెలిసే విషయాలన్నీ అటు పోయాయి.

ప్రభుత్వాల వైపు మాత్రం పని పెరుగుతోంది. అమెరికా ట్రేడ్ కమిషన్ 13 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఒంటరిగా పంపి, పెద్దలకు మాత్రమే అమ్మాల్సిన వీడియో గేములు, సినిమా టికెట్లు అమ్ముతున్నారేమో పరీక్షించేది. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం గేముల దుకాణాల్లో 13 శాతం మందికి, సినిమా హాళ్లలో 24 శాతం మందికి అమ్మారు. బ్రిటన్‌లో ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఆరు పెద్ద సంస్థల్లో 231 సందర్శనలు చేయించి, దాదాపు నాలుగో వంతు సందర్భాల్లో పెట్టుబడి సలహా సరిగా లేదని అదే ఏడాది తేల్చింది. ఇళ్ల అద్దెలో జాతి వివక్షను ఇలాంటి పరీక్షకులే బయటపెట్టారు. వాళ్లకు కోర్టుకెక్కే హక్కుందని 1982లో హేవెన్స్ రియల్టీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

వైద్యంలో మాత్రం దారి సాఫీగా లేదు. కొత్త రోగులను చేర్చుకుంటున్నారో లేదో తెలుసుకోవడానికి డాక్టర్ల క్లినిక్‌లకు రహస్యంగా ఫోన్లు చేయిస్తామని 2011 జూన్‌లో ఒబామా ప్రభుత్వం ప్రతిపాదిస్తే, వైద్యులు గొడవ చేయడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. పదమూడేళ్ల తర్వాత అదే ఆలోచన నిబంధనగా వచ్చింది. పేదల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌కు 2024లో ఖరారైన నియమాల ప్రకారం, సాధారణ వైద్యుడి అపాయింట్‌మెంట్ 15 పని దినాల్లో, మానసిక వైద్యం 10 పని దినాల్లో దొరుకుతోందా అన్నది రాష్ట్రాలు స్వతంత్ర సీక్రెట్ షాపర్ సర్వేల ద్వారా పరీక్షించాలి. 90 శాతం సందర్భాల్లో దొరకాలి. ఈ సర్వేల బాధ్యత 2028 నుంచి వర్తించేలా నియమం రాశారు. వీటిలో ఎక్కువ భాగం ఇంట్లో కూర్చుని ఫోన్ మీద చేసే పనే.